మైలపడని బ్యాటరీలు

హెబ్రోను మంచివాడని చెప్పేవాళ్లు చిట్టమూరులో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల నోళ్లు నేను మూయించలేను. పెళ్లి ఆల్బం తిరగేసి, తమ బుగ్గల నునుపు తామే చూసుకుని మురిసిపోయినవాళ్లు వాళ్లంతా. నా టైలరింగ్ షాపూ, అతని ఫోటో స్టూడియో ఒకే రేకుల షెడ్డు కింద ఉండేవి. మధ్యలో ఉన్నది గోడ కూడా కాదు, ఒక ప్లైవుడ్ చెక్క. అతను అటువైపు నోట్లో గొణుక్కున్నా నాకు ఇటువైపు వినబడేది. కాబట్టి అతని సంగతి వాళ్లని కాదు, నన్నడగండి.

ఇది రెండువేల తొమ్మిది నాటి మాట. అప్పటికి మా వైపు ఫోను అంటే మాట్లాడుకోవడానికీ, కరెంటు పోతే టార్చి వేసుకోవడానికీ. ఫోటో కావాలంటే హెబ్రోను దగ్గరికి రావలసిందే. అతను గూడూరులో ఒక స్టూడియోలో గచ్చు తుడుస్తూ పని నేర్చుకున్నాడు. రీలు కెమెరాతో మా ఊళ్లో కొట్టు పెట్టి, నాలుగు పెళ్లిళ్లు చేతికి రాగానే ఒక డిజిటల్ కెమెరా కొన్నాడు. అరచేతిలో ఇమిడే నల్లటి కెమెరా. దానికి నాలుగు పెన్సిల్ సెల్స్ వెయ్యాలి. ఆ కెమెరా వచ్చిన రోజు నుంచీ నాకు బ్యాటరీల పురాణం మొదలైంది.

"కెమెరా అంటే బ్యాటరీనే స్వర్ణా. మిగతాదంతా వట్టి డబ్బా," అనేవాడు.

వినీ వినీ నాకూ కంఠతా వచ్చేసింది. టీవీ రిమోట్‌లో వేసే మామూలు కార్బన్ సెల్స్ ఒక రకం. గడియారం కొంచెం కొంచెంగా వాడుకుంటుంది కాబట్టి దానికవి చాలు. కెమెరా అలా కాదు. లెన్సు బయటికి రావాలి, వెనక స్క్రీను వెలగాలి, ఫ్లాష్ నిండాలి. ఒక్కసారిగా లాగేస్తుంది. కార్బన్ సెల్స్ నాలుగు ఫోటోలకే చేతులెత్తేస్తాయి. ఆల్కలైన్ అనేవి రెండో రకం. చేతిలో పట్టుకుంటే కాస్త బరువుగా ఉంటాయి. ఒకసారి వాడి పారెయ్యడమే, కానీ సంచిలో నెలల తరబడి పడి ఉన్నా చార్జి పోదు. మూడోది రీచార్జబుల్. ముందురోజు చార్జరులో పెట్టి తెల్లారి తీసుకెళ్తే పెళ్లి మొత్తం లాగించెయ్యొచ్చు. ఊరికే ఉంచితే మాత్రం మా ఎండలకు వాటంతటవే దిగిపోతాయి.

మూడు రకాల సంగతీ తెలిసినవాడు మూడింటినీ సరిగ్గా వాడతాడనుకుంటాం కదా? ఆహా! ఆ మహానుభావుడు బ్యాటరీ ఎంచుకునేది కెమెరాని చూసి కాదు. గుమ్మంలో నిలబడ్డవాళ్ల కాళ్లు చూసి. మంచి చెప్పులుంటే మంచి బ్యాటరీ. రబ్బరు చెప్పులకు రిమోట్ సెల్స్. చెప్పులే లేని కాళ్లయితే, అయిపోయిన రిమోట్ సెల్స్.

అయిపోయిన సెల్స్ పనిచేస్తాయా అని మీరడగొచ్చు. టార్చి సెల్స్ దిగిపోతే ఎండలో పెట్టడం మా ఇళ్లలో అందరికీ అలవాటే. వేడికి కొంచెం ప్రాణం లేచి, ఇంకో పూట గుడ్డిగా వెలుగుతాయి. హెబ్రోను అదే పని చేసేవాడు. మా షెడ్డు రేకుల మీద, పక్కింటివాళ్ల ఎండుచేపల పక్కన, వాడేసిన సెల్స్ వరసగా పేర్చేవాడు. టార్చికి చెల్లింది కదా, కెమెరాకి ఎందుకు చెల్లదని వాదించేవాడు. చెల్లదని అతనికి తెలుసు. ఆ సెల్స్‌తో పద్మనాభయ్యగారింట్లో కాలు పెట్టమనండి చూద్దాం, చచ్చినా పెట్టడు.

పద్మనాభయ్యగారి మాట వచ్చింది కాబట్టి ఆ సంగతీ చెప్పాలి. మా చుట్టుపక్కల వరి పొలాల్లో సగం ఆయనవే. కొన్నాళ్ల ముందు వాళ్లింట్లో గృహప్రవేశం జరిగితే, హెబ్రోను పొద్దున ఒక సమాధి కార్యక్రమం చూసుకుని అట్నుంచి అటే వెళ్లాడు. పొయ్యి మీద పాలు పొంగే సమయానికి కెమెరా ఆగిపోయింది. అది బ్యాటరీ దిగిపోవడం, అంతే. కానీ పద్మనాభయ్యగారి భార్య ఆదిశేషమ్మగారు అందరి ముందూ దులిపేసింది.

"చావింటికి పోయొచ్చిన బ్యాటరీలు నా ఇంటికి తెస్తావా? కెమెరా అంటే తుడుచుకోవచ్చు. లోపలుండే కరెంటును ఏం పెట్టి కడుగుతావు?" అంది.

బ్యాటరీకి మైల ఏమిటని ఒక్కడూ నవ్వలేదు. హెబ్రోను కూడా నవ్వలేదు. ఆదివారం ఆదివారం ప్రార్థనకు వెళ్లే మనిషి, మైలంటే నమ్మని మనిషి, తల వంచుకుని వచ్చాడు. ఆ మర్నాడే రీచార్జబుల్ సెల్స్ కొని శుభకార్యాలకు విడిగా పెట్టాడు. ఆదిశేషమ్మగారి చేత ఆ చార్జరుకు కుంకుమ బొట్టు పెట్టించుకొచ్చాడు కూడా. ఇక అప్పటినుంచీ పెళ్లివాళ్లెవరొచ్చినా, "మా దగ్గర మైలపడని బ్యాటరీలుండాయండీ," అని చెప్పుకునేవాడు. ఆ మాటకు బేరాలు పెరిగాయంటే మీరు నమ్మాలి. తిట్టిన తిట్టునే బోర్డుగా కట్టుకున్నాడు మనవాడు.

చావులకు మాత్రం మిగతా రెండు రకాలు. ఉన్నవాళ్ల చావుకు కొత్త ఆల్కలైన్ ప్యాకెట్టు చింపేవాడు. ఊరవతల కూలీలుండే పాలెంలో చావుకు రేకుల మీదవి.

పాలెంలోని క్రైస్తవుల ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పెట్టె మూత వేసే ముందు ఇంటివాళ్లంతా చుట్టూ నిలబడి ఒక ఫోటో దిగుతారు. తర్వాత పోయినవాళ్ల ముఖం ఒక్కటీ దగ్గరగా తీయించుకుంటారు. పెట్టె ఫోటో అంటారు దాన్ని. బతికున్నప్పుడు ఫోటో ఎరగని మనిషి కూడా ఆ ఒక్కదానితో గోడ మీద నిలుస్తాడు. అందుకే హెబ్రోను చెయ్యి ఊపేదాకా మూత వెయ్యరు. పాస్టరుగారు కూడా అతని చెయ్యి వైపే చూస్తూ ఉంటారు. ఆ ఒక్క క్షణం అతనే రాజు.

ఆ పాలెంలోనే రెబెక్కమ్మ ఉండేది. పద్మనాభయ్యగారి పొలాల్లో నాట్లూ కలుపులూ చేసుకునే ముసలామె. ఆమె కూతురు ఏంజెలిన్ మొగుడు పోయాక, పాలు మరవని బిడ్డను తల్లి దగ్గర వదిలి, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. ఆ బిడ్డ వినీల. ఏంజెలిన్ ఫోను నా నంబరుకే వచ్చేది. శుక్రవారం వచ్చిందంటే రెబెక్కమ్మ వినీలను చంకనేసుకుని నా షాపులో కూర్చునేది. తల్లీ బిడ్డా ఒకరి గొంతు ఒకరు వినేవాళ్లు, అంతే. "ఫోటో పంపండక్కా," అని ఏంజెలిన్ అడగని శుక్రవారం లేదు. "ఈసారి క్రిస్మస్‌కి కొత్త గౌను కుట్టించి తీయిస్తాలే," అని రెబెక్కమ్మ అనేది. ఆ క్రిస్మస్‌కి గౌనుకు కుదిరేది కాదు. పాత గౌనులో తీయిస్తే కూతురు అంత దూరాన కూర్చుని బాధపడుతుందని ఆ పిచ్చి తల్లి వాయిదా వేస్తూ వచ్చింది. అలా ఏళ్లు గడిచిపోయాయి. వినీల బళ్లో చేరే వయసుకొచ్చింది.

ఆ వేసవిలో వినీలకు జ్వరం తగిలింది. రెండు రోజులు చూశారు, మూడోనాడు నాయుడుపేట తీసుకెళ్లారు, అక్కడ నెల్లూరు తీసుకెళ్లమన్నారు. దారిలోనే పోయింది. ఎండలకు శవం ఆగదు కాబట్టి మర్నాడు మధ్యాహ్నంలోపే సమాధి చెయ్యాలన్నారు. ఆ పొద్దున నేను తెల్ల గౌను కుడుతూ కూర్చున్నాను. అంతకుముందు ఎప్పుడూ కుట్టించుకోని కొత్త గౌను ఆ పిల్లకి అప్పుడు వచ్చింది. ఎవరి మీద పళ్లు కొరకాలో తెలియక మెషీను తొక్కుతున్నాను. ఏంజెలిన్ ఫోను చేసింది.

"అక్కా, నన్ను పంపరంట. పాస్‌పోర్టు ఈ ఇంటోళ్ల కాడే ఉండాది. కాళ్లు పట్టుకున్నా పంపేదే లేదంటుండారు," అంది. ఏడుపు అయిపోయిన గొంతు. "నేను వదిలేసి వచ్చేప్పుడు దానికి నడక కూడా సరిగ్గా రాలేదు. ఇప్పుడు ఎట్టుంటదో నాకు తెలవదక్కా. ముఖం ఫోటో తీయకుండా మూత వెయ్యబాకండి. నీకు దండం పెడతా, వెయ్యబాకండి."

తీయిస్తానని మాటిచ్చాను. పక్కనే హెబ్రోను ఉండగా అదొక పెద్ద పనా అనుకున్నాను.

రెబెక్కమ్మ అప్పటికే స్టూడియో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. హెబ్రోను కిందికి చూశాడు, నిచ్చెన వేసుకుని రేకుల మీదికి చెయ్యి చాచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గౌను అక్కడే పడేసి ఇవతలికొచ్చాను.

"అన్నా, ఆ తల్లి బిడ్డ ముఖం చూసి ఏళ్లయింది. ఈ ఒక్కరోజు మంచి బ్యాటరీలు వెయ్యన్నా," అన్నాను.

"ఈ మధ్యాన్నం నుంచి పద్మనాభయ్యగారి మనవరాలికి ఓణీల ఫంక్షన్. సమాధుల తోట నుంచి సీదా ఆడికే పోవాల. చార్జరులో ఉండేవి వాళ్లవి," అన్నాడు.

"ఆల్కలైన్ ఏమైనాయి?"

"అయిపోయినాయి. నాయుడుపేట పోవాల."

నేను బజారంతా తిరిగాను. ఉన్న రెండు కొట్లలోనూ రిమోట్ సెల్సే ఉన్నాయి. అవి కూడా ఎప్పటివో, అట్ట మీద దుమ్ము వేలి మందాన పేరుకుని ఉంది. వాటినే కొనుక్కుని పరిగెత్తుకొచ్చేసరికి హెబ్రోను కెమెరాలో సెల్స్ వేసేసుకుని బండి ఎక్కాడు. "ఆ కొట్టు సెల్స్ కంటే నా ఎండ సెల్సే నయం," అని నవ్వాడు. చార్జరు ఖాళీగా ఉంది. పచ్చ లైటు వెలిగిన ఆ నాలుగు సెల్సూ ఒక గుడ్డ సంచిలో కట్టి ప్యాంటు జేబులో పెట్టుకోవడం నేను చూశాను.

సమాధుల తోట సరుగుడు చెట్ల అవతల, ఇసకలో ఉంటుంది. సముద్రం కనబడదు గాని గాలిలో ఉప్పు తగులుతుంది. చిన్న షామియానా కింద బెంచీ మీద పెట్టె పెట్టారు. మూత పక్కనే ఎండలో నిలబెట్టి ఉంది. వినీల నిద్రపోతున్నట్టే ఉంది అంటే అబద్ధం. పెదవులు నల్లబడిపోయాయి. అయినా అది వినీల ముఖమే. చదునైన ముక్కు, నుదుటి మీద పడే తిన్నని జుట్టు, నా షాపులో గుండీల డబ్బా తిరగబోసి తిట్లు తిన్న పిల్ల. నేను హెబ్రోను పక్కనే నిలబడ్డాను. ముందు ముఖం తియ్యన్నా, తర్వాత ఎవర్నైనా తీసుకో అన్నాను. సరే అన్నాడు.

అప్పుడే కారు చప్పుడైంది. కిషోర్ బాబు దిగాడు. వచ్చే ఎలక్షన్లకు నిలబడాలని ఊళ్లో ఎవరు పోయినా దండ పట్టుకొచ్చే మనిషి. హెబ్రోను నన్ను మోచేత్తో పక్కకు నెట్టి ఎదురెళ్లాడు.

"ఇటు చూడండి సార్. దండ కొంచెం పైకి పట్టుకోండి సార్. ఇంకొకటి సార్, ఈసారి కళ్లు మూసుకున్నారు."

కిషోర్ బాబు దండ పట్టుకుని ఒకటి. వేస్తూ ఒకటి. వేసిన తర్వాత రెబెక్కమ్మ భుజం మీద చెయ్యేసి ఒకటి. కళ్లు తుడుచుకుంటూ ఒకటి. ఆ కళ్లలో తడి లేదు, రుమాలు మాత్రం బాగా ఇస్త్రీ చేసి ఉంది. ఆయన కారెక్కి వెళ్లిపోయాక హెబ్రోను తీరిగ్గా పెట్టె దగ్గరికొచ్చి కెమెరా వంచాడు. కెమెరా ఒక్క కూత కూసింది. స్క్రీను ఎర్రగా మిణికి ఆరిపోయింది. లెన్సు సగం బయటికొచ్చి అలాగే నిలబడిపోయింది.

హెబ్రోను సెల్స్ బయటికి తీసి ప్యాంటుకేసి రుద్దాడు. ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చాడు. లాభం లేదు. నేను బజార్లో కొన్నవి వేస్తే అసలు లైటే రాలేదు. అప్పుడేం చేశాడో తెలుసా? తన నాలుగు ఎండ సెల్సూ తీసుకెళ్లి, పక్కనున్న పెట్టె మూతను ఇసకలో వెల్లకిలా పడుకోబెట్టి, దాని మీద ఎండలో వరసగా పేర్చాడు.

"కొంచెం వేడెక్కనియ్యండి. ఒక్క ఫోటో వస్తది," అన్నాడు.

జనమంతా నిలబడ్డారు. పాస్టరుగారు ఏం చెయ్యాలో తెలియక ఇంకో పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్లు వినీల ముఖం మీద ఈగలు వాలకుండా కొంగులతో విసురుతున్నారు. అంతమంది చూస్తుండగా, ఒక పసిపిల్లను మూసే చెక్క మీద అయిపోయిన రిమోట్ సెల్స్ కాలుతున్నాయి. అక్కడున్న ఒక్కరికీ అది తప్పనిపించలేదు. ఇంట్లో టార్చికి అందరూ చేసేదే కదా. పాట అయిపోయింది. సెల్స్ వేశాడు. లైటు వెలిగింది, ఆరిపోయింది.

ఇక నేను ఆగలేకపోయాను.

"జేబులో ఉండే సెల్స్ తియ్యి," అన్నాను.

"ఏ సెల్స్?"

"నాటకాలాడబాక. గుడ్డలో కట్టి పెట్టుకున్నావే, అవి. ఒక్క ఫోటో. తీసి మళ్లీ జేబులో వేసుకో. ఎవురికి తెలస్తది?"

"ఇంతమంది చూస్తుండారు. ఆదిశేషమ్మగారికి తెలవకుండా ఉంటదా? మైలపడిన సెల్స్ తెచ్చినానని తెలిస్తే నన్ను గడప తొక్కనియ్యదు."

"జేబులో పెట్టుకుని సమాధుల తోటకే వచ్చినావు గదా! ఇంక మైలపడంది ఏముండాది?"

"జేబులో ఉంటే పడినట్టు కాదు. కెమెరాలో వేసి చావును చూపిస్తేనే పడినట్టు," అన్నాడు. సిగ్గులేని మనిషి, బైబిలు వాక్యం చదివినట్టు చెప్పాడు.

నేను అతని జేబులో చెయ్యి పెట్టేశాను. పెట్టాను, దాచేదేముంది. గుడ్డ సంచి నా వేళ్లకు తగిలింది కూడా. అతను నా మణికట్టు పట్టుకుని వెనక్కి విరిచాడు. గాజులు పగిలాయి. చుట్టూ అంతమంది మగాళ్లున్నారు. ఒక్కడన్నా "ఇచ్చెయ్యరా" అంటాడేమోనని చూశాను. అందరూ ఇసక వైపు చూస్తున్నారు. వాళ్లలో పద్మనాభయ్యగారి పొలం తొక్కని కాలు లేదు మరి.

రెబెక్కమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దులే తల్లీ స్వర్ణా. శుభకార్యం చేసుకునే ఇల్లు. నా బిడ్డ మైల వాళ్లకు తగిలిందని తెలిస్తే రేపు ఆదిశేషమ్మగారు నన్ను నాట్లకు పిలవదు. నేను ముసిల్దాన్ని, యాడికి పోను?" అంది. మళ్లీ తనే, "ఏంజెలిన్‌కు ఏమని చెప్పేదమ్మా?" అని నన్నడిగింది.

హెబ్రోను కెమెరా మూసి, చెయ్యి ఊపాడు. మూత వేశారు. ఆ మేకుల చప్పుడు నేను విన్నాను, మా ఇంట్లో ఎవరు గోడకు మేకు కొట్టినా ఇప్పటికీ లేచి బయటికెళ్లిపోతాను.

ఓణీల ఫంక్షన్ ఫోటోలు అద్భుతంగా వచ్చాయని వేరే చెప్పాలా? వారం తర్వాత ఆల్బం నా షాపు బల్ల మీదే పెట్టి చూపించాడు. పూలజడ ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి. హారతి పళ్లెం. వచ్చినవాళ్లు, తిన్నవాళ్లు, చేతులు కడుక్కుంటున్నవాళ్లు. లడ్డూల పళ్లేనికి ఒక ఫోటో, మైసూరుపాకుల పళ్లేనికి విడిగా ఇంకొకటి. ఆ పేజీ దగ్గర నేను ఆల్బం మూసేశాను. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను. "నీకు కోపం ఎక్కువ స్వర్ణా," అన్నాడు తాపీగా.

ఏంజెలిన్‌కు కెమెరా చెడిపోయిందని చెప్పాను. ఆమె నమ్మింది, కానీ ఆశ వదల్లేదు. ప్రతి శుక్రవారం ఫోను చేసి, "హెబ్రోనన్న కాడ ఏదన్నా మూల ఒక ముక్క ఉందేమో వెతకమనక్కా," అనేది. నేను అతని ప్రాణం తోడేసేదాన్ని. కిషోర్ బాబు ఫోటోలు కంప్యూటర్లో పెద్దవి చేసి చూపించాడు. ఒకదాంట్లో దండ అడ్డం, రెండింట్లో ఆయన మోచెయ్యి అడ్డం. నాలుగోదాంట్లో వినీల కాళ్లకు తొడిగిన తెల్ల మేజోళ్లు మాత్రం చక్కగా పడ్డాయి.

నేను ఊరుకోలేదు. జరిగింది పాలెంలో ఇంటింటికీ తిరిగి చెప్పాను. సమాధుల తోటలో ఇసక చూసినవాళ్లే ఇప్పుడు నోళ్లు విప్పారు. మెల్లగా పాలెం పెళ్లిళ్లకు పక్కూరు కోట నుంచి వేరే ఫోటోగ్రాఫర్ రావడం మొదలైంది. హెబ్రోనుకు అది గట్టిగా తగిలింది. రబ్బరు చెప్పులైనా వంద జతలు పోతే కొట్టు నడవదు మరి.

అలాంటప్పుడు ఒకరోజు రెబెక్కమ్మ పొలం నుంచి నేరుగా నా షాపుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"హెబ్రోను ఫోటో ఇచ్చినాడమ్మా! ఎట్టనో చేసి బాగు చేసినాడంట. కవర్లో పెట్టి అంటించి ఇచ్చినాడు. కువైట్ పోయే మనిషి ఉంటే ఆయన చేతికిచ్చి పంపించేసినా," అంది.

నువ్వు చూశావా అని అడిగాను. "నాకు కళ్లు యాడ కనపడతాయి, వినీలేనని చెప్పినాడు," అంది. నేను చెక్క అవతలికి వెళ్లి అడిగాను. చివర్లో కెమెరా ఆరిపోయే ముందు ఒకటి పడిందనీ, మసక మసకగా ఉంటే కంప్యూటర్లో సరిచేశాననీ చెప్పాడు. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది. పోన్లే, వీడిలోనూ మనిషి ఉన్నాడనుకున్నాను. టీ తెప్పించి ఇచ్చాను కూడా. తాగాడు.

ఆ తర్వాతి శుక్రవారం ఏంజెలిన్ ఫోను వచ్చింది.

"అక్కా, వచ్చిందక్కా! నా బిడ్డ నా కాడికి వచ్చింది," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "ఎంత బాగా తీసినాడక్కా! కనురెప్పల ఎంట్రుకలు కూడా కనపడుతుండాయి. నిద్రపోతున్నట్టే ఉండాది. దిండు కింద పెట్టుకుని పడుకుంటుండా."

అవునమ్మా అవునమ్మా అంటూ నేనూ కళ్లు తుడుచుకుంటున్నాను.

"జుట్టు ఉంగరాలు తిరిగిందే! వాళ్ల నాయన జుట్టు. ఆ గడ్డం మీద పుట్టుమచ్చ ఎప్పుడొచ్చిందక్కా? నేను ఉండేప్పుడు లేదే."

వినీలకు గడ్డం మీద మచ్చ లేదు. జుట్టు ఉంగరాలు తిరగలేదు. ఆ మచ్చ ఎవరిదో నాకు తెలుసు. మనుబోలులో మిల్లున్న వాళ్ల పాప ఒకతి అంతకు ముందేడు పోయింది. ఆ చావుకు హెబ్రోను కొత్త ఆల్కలైన్ ప్యాకెట్టు చింపుకుని వెళ్లాడు. చావు ఫోటో అంటే ఇట్టుండాల అని నాకు ఎన్నిసార్లు చూపించాడో. తెల్ల గౌను, చుట్టూ పూలు, పెట్టెలో పిల్ల. ఎవరి పిల్లైనా అలాగే ఉంటుంది.

ఫోను చేత్తో నొక్కి పట్టుకుని అటువైపు వెళ్లాను. హెబ్రోను చిన్న చాకుతో కెమెరా లోపల పట్టిన చిలుము గీకుతున్నాడు.

"ఎవురి బిడ్డను పంపినావురా?" అన్నాను. అన్నా అని పిలవడానికి నాకు నోరు రాలేదు.

అతను ఉలిక్కిపడలేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఎవురి బిడ్డయితే ఏంది? ఆమె తన బిడ్డ ముఖం ఎప్పుడు చూసింది గనక? ఏడ్చుకోడానికి ఒక ముఖం అడిగింది, ఇచ్చినా. మీ పాలెపోళ్లు నా నోటికాడ కూడు తీసేస్తుంటే నన్నేం చెయ్యమంటావు? నీకంత బాధగా ఉంటే చెప్పు. ఫోను చేతిలోనే ఉండాది గదా, చెప్పు. ఆ ముఖం కూడా లాక్కో."

"అక్కా, ఉండావా?" అంటోంది ఏంజెలిన్ నా అరచేతిలోంచి.

చెప్తే ఆమె దిండు కింద ఏమీ మిగలదు. చెప్పకపోతే ఎవరో కన్న బిడ్డను గుండెలకు హత్తుకుని బతుకంతా ఏడుస్తుంది, సొంత బిడ్డ ముఖం ఎవరూ గుర్తుపెట్టుకోని ముఖంలా ఇసకలో కలిసిపోతుంది. రెండూ ఒకదాన్ని మించిన పాపం ఒకటి. అతన్ని అక్కడికక్కడే చంపెయ్యాలనిపించింది. చాకు కూడా దగ్గర్లోనే ఉంది.

"ఉండానమ్మా," అన్నాను. "ఆ మచ్చ నడక వచ్చినాక వచ్చింది."

"అట్నా! నాకెవురూ చెప్పలేదే," అంది ఏంజెలిన్ మురిపెంగా. "నేను దాన్నే ముద్దు పెట్టుకుంటుండా అక్కా, పొద్దన్నా మాపన్నా. హెబ్రోనన్న ఆడుంటే ఒకసారి ఫోను ఇయ్యవా?"

స్పీకరు నొక్కి అతని ముఖం ముందు పెట్టాను. వినాలి, వినితీరాలి అనుకున్నాను.

"అన్నా, నీ చేతులు చల్లగుండాల. నువ్వు లేకుంటే నా బిడ్డ ముఖం నాకు తెలిసేదే కాదు. దేవుడు నీ బిడ్డల్ని వెయ్యి కళ్లతో కాపాడాలన్నా."

హెబ్రోను చాకు పక్కన పెట్టాడు. కళ్లు మూసుకుని, చెయ్యి గుండె మీద పెట్టుకుని, "ఆమెన్," అన్నాడు.